మూసిన పెట్టెలో ఏముంది? పూరీ నుంచి మంగళగిరి కొండ దాకా ఒకటే చర్చ.. కానీ చూడాల్సింది నిధిని కాదు, లిస్టును!

మంగళగిరి, జులై 20, 2024: పూరీ జగన్నాథుడి రత్న భాండార్ తలుపులు తెరుచుకున్నాయి. అంతే, వారం రోజులుగా తెలుగు వాళ్ల ఫోన్లలో కూడా ఇదే టాపిక్. లోపల ఏముంది? పాములున్నాయా? సొరంగం ఉందా? లెక్కకు మించిన బంగారం బయటపడుతుందా? ఇంతలో మన దగ్గర పాత కథలూ నిద్ర లేచాయి. మంగళగిరిలో అయితే చర్చ నేరుగా కొండ మీదకే వెళ్లింది. పానకాల స్వామి గుడి వెనక నుంచి ఉండవల్లి గుహల దాకా సొరంగం ఉందని ఈ ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటారు. మునులు ఆ దారిలో వెళ్లి కృష్ణలో స్నానం చేసి వచ్చేవాళ్లన్నది ఆ కథ. మరి దాన్నెప్పుడు తెరుస్తారు?

మూసి ఉన్న దేన్ని చూసినా ఇలాంటి ప్రశ్న రావడం సహజం. కానీ తెలుగు నేల మీద ఇప్పటిదాకా తెరిచిన పెట్టెలు, తవ్విన దిబ్బల చరిత్ర చూస్తే ఇంకో విషయం అర్థమవుతుంది. పెట్టెలో ఏం దొరికిందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎవరు, ఎవరి ముందు, ఎలా తెరిచారన్నది అంతకంటే ముఖ్యం. లిస్టు రాసిన చోట పుకారు ఎక్కువ కాలం నిలబడలేదు. లిస్టు లేని చోట ఇప్పటికీ ఆగలేదు.

పూరీలో అసలేం జరిగింది?

ఈ నెల 14న, ఆదివారం మధ్యాహ్నం 11 మంది సభ్యుల బృందం రత్న భాండార్‌లోకి వెళ్లింది. ఇందులో రెండు గదులున్నాయి. ఒకటి బయటి గది, ఇంకోటి లోపలి గది. బయటి గదిలోని ఆభరణాలను ఆ రోజే తాత్కాలిక స్ట్రాంగ్ రూమ్‌కు మార్చారు. లోపలి గది దగ్గరే చిక్కు వచ్చింది. చేతిలో ఉన్న తాళం చెవులు పని చేయలేదు. దీంతో మేజిస్ట్రేట్ సమక్షంలో మూడు తాళాలు పగలగొట్టారు. లోపల అల్మారాలు, పెట్టెలు ఉన్నట్లు చూశారు. అప్పటికే పొద్దుపోవడంతో కొత్త తాళాలు వేసి సీల్ చేశారు. మళ్లీ 18న, గురువారం తెరిచి లోపలి వస్తువులను కూడా తరలించారు.

ఇక్కడ తాళం చెవుల కథ కూడా తెలుసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో ఓ బృందం లోపలి గదిని పరిశీలించడానికి వెళ్లింది. తెరవలేకపోయింది. బయట గ్రిల్ లోంచి లైటు వేసి చూసి వచ్చేసింది. ఆ తర్వాత అసలు తాళం చెవే కనిపించడం లేదన్న విషయం బయటపడింది. ఒడిశా అంతా గగ్గోలు. కొన్నాళ్లకు కలెక్టర్ ఆఫీసు రికార్డుల గదిలో ఓ కవర్ దొరికింది. లోపలి రత్న భాండార్ డూప్లికేట్ తాళాలు అని దాని మీద రాసి ఉంది. న్యాయ విచారణ కమిషన్ కూడా వేశారు. ఇంతా చేస్తే ఆ డూప్లికేట్ తాళాలు ఈ నెలలో పనికి రాలేదు. మొన్నటి ఎన్నికల ప్రచారంలో తాళాలు తమిళనాడు వెళ్లాయని ప్రధాని మోదీ అనే దాకా వెళ్లింది వ్యవహారం.

ఇంతకీ లోపల ఎంత ఉంది? చివరిసారి పూర్తి లిస్టు రాసింది 1978లో. అదే 70 రోజులు పట్టింది. 1985లో మరమ్మతుల కోసం తలుపులు తెరిచినా మళ్లీ లెక్క రాయలేదు. 12,831 భరీల బంగారు ఆభరణాలు ఉన్నాయని 2021లో అప్పటి ఒడిశా న్యాయ శాఖ మంత్రి అసెంబ్లీలో చెప్పారు. భరీ అంటే సుమారు 11.66 గ్రాములు. అంటే దగ్గర దగ్గర 150 కిలోలు. 2024 జులై 20 నాటికి వస్తువులు స్ట్రాంగ్ రూమ్‌కు మారాయి గానీ, ఒక్కొక్కటి పట్టుకుని 1978 లిస్టుతో సరిచూసే పని మిగిలే ఉంది. అసలు పరీక్ష అదే.

పాములు లేవు.. మరి సొరంగం?

రత్న భాండార్‌ను పాములు కాపలా కాస్తున్నాయని ఎప్పటి నుంచో ప్రచారం ఉంది. అధికారులు కూడా రిస్క్ తీసుకోలేదు. తలుపులు తెరిచే రోజు పాములు పట్టేవాళ్లను, మందులతో డాక్టర్లను సిద్ధంగా ఉంచారు. తీరా చూస్తే పాములేమీ కనిపించలేదు. ఆ మాట అధికారులే చెప్పారు.

పాముల కథ ముగిసిందో లేదో సొరంగం కథ మొదలైంది. లోపలి గది కింద రహస్య గది ఉందని, సొరంగం ఉందని వాదనలు. తాము చూసినంత వరకు అలాంటి ఆనవాళ్లు లేవని పర్యవేక్షణ కమిటీకి నేతృత్వం వహించిన జస్టిస్ బిశ్వనాథ్ రథ్ చెప్పారు. అనుమానం ఉంటే లేజర్ స్కాన్ లాంటి ఆధునిక పద్ధతులతో పురావస్తు శాఖ తేల్చవచ్చని పూరీ గజపతి మహారాజు సూచించారు. అంటే సొరంగం ఉందో లేదో తెలుసుకోవాలంటే గునపం పట్టక్కర్లేదు. నేలను, గోడను ముట్టుకోకుండానే చూసే యంత్రాలు ఉన్నాయి. మంగళగిరి కొండ విషయంలోనూ ఈ మాట గుర్తు పెట్టుకోవాల్సిందే.

విశాఖ బీచ్ పెట్టె గుర్తుందా?

2023 సెప్టెంబర్ చివర్లో విశాఖ వైఎంసీఏ బీచ్‌కు ఓ భారీ చెక్క పెట్టె కొట్టుకొచ్చింది. పాత చెక్క, భారీ సైజు. వంద టన్నుల బరువు ఉంటుందన్న మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. జనం ఎగబడ్డారు. బ్రిటిష్ కాలం నాటిదని కొందరు, ఓడలోంచి జారిపడిన ఖజానా అని ఇంకొందరు ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకొచ్చారు. పోలీసులు కాపలా పెట్టారు. పురావస్తు శాఖకు కబురు వెళ్లింది. మొత్తానికి యంత్రాలు తెచ్చి దాన్ని విప్పారు.

లోపల? చెక్క దిమ్మెలు. అంతే. ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన దిమ్మెలే తప్ప నిధి లేదు, నగలు లేవు. అసలది పెట్టే కాదు.

కొంతమందికి ఇది నవ్వులాటగా అనిపించి ఉండొచ్చు. కానీ ఈ కేసులో జరగాల్సింది కరెక్ట్‌గానే జరిగింది. పోలీసులు వచ్చారు, నిపుణులకు చెప్పారు, పట్టపగలు అందరి ముందూ తెరిచారు. ఫలితం వెంటనే అందరికీ తెలిసింది. అందుకే విశాఖ పెట్టె గురించి ఇప్పుడు ఎవరూ అనుమానంగా మాట్లాడటం లేదు. ఆ పుకారు బతికింది అది విప్పే దాకే.

కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ఇలా జరగలేదు. 2017 డిసెంబర్‌లో తుగ్గలి మండలంలోని ఆ కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వకాలు మొదలయ్యాయి. ఊరి వాళ్లు అభ్యంతరం చెప్పారు. రాజకీయ విమర్శలు వచ్చాయి. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయన్న వార్తలు తప్ప అనుకున్న నిధి దొరకలేదు. కానీ అక్కడ మొదటి ప్రశ్న వేరు. చరిత్ర ఉన్న కోటలోకి చరిత్ర తెలుసుకోవడానికి వెళ్లాలా, బంగారం కోసం వెళ్లాలా? బంగారం కోసం తవ్వేవాడికి ఇటుక అడ్డం. పురావస్తు శాఖ వాళ్లకు ఆ ఇటుకే ఆధారం.

గాలిగోపురం కట్టించిన రాజు.. అమరావతి దిబ్బ

ఈ తేడా ఏంటో మంగళగిరి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు వేరే చోటి ఉదాహరణ అక్కర్లేదు. ఊరి మధ్యలో 11 అంతస్తుల గాలిగోపురం కనిపిస్తూనే ఉంటుంది. ఎత్తు 153 అడుగులు. 1807-09 మధ్య దీన్ని కట్టించింది రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. అమరావతిని రాజధానిగా చేసుకున్నదీ ఆయనే. అక్కడ కొత్త ఊరు కట్టడానికి ఇటుక, రాయి కావాల్సి వచ్చింది. పక్కనే దీపాలదిన్నె అని పిలిచే పెద్ద దిబ్బ ఉంది. 1790ల్లో దాన్ని తవ్వడం మొదలుపెట్టారు. రాళ్ల కోసం తవ్వారని, నిధి దొరుకుతుందన్న ఆశ కూడా ఉందని చరిత్రకారులు చెబుతారు.

నిధి దొరకలేదు. ఆ దిబ్బే అమరావతి మహాస్తూపం అని అప్పటికి ఎవరికీ తెలియదు. విషయం తెలిసి అప్పట్లోనే వచ్చి చూసిన కల్నల్ కాలిన్ మెకంజీ, మళ్లీ 1816లో సిబ్బందితో వచ్చేసరికి దిబ్బ మధ్య భాగం తవ్వేసి చెరువులా చేశారు. చెక్కిన పలకల్లో కొన్ని ఇళ్ల గోడల్లోకి, మెట్లలోకి వెళ్లాయి. కొన్నింటిని సున్నం కోసం కాల్చారు. మిగిలిన వాటిలో చాలా భాగం తర్వాతి కాలంలో చెన్నై మ్యూజియంకు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి.

మెకంజీ ఒక మంచి పని చేశాడు. కనిపించిన పలకలకు బొమ్మలు గీయించాడు. స్తూపం ప్లాన్ రాయించాడు. ఆ తర్వాత పోయిన పలకలు ఎలా ఉండేవో ఈ రోజు తెలుస్తోందంటే ఆ కాగితాల వల్లే. అంటే రాయి పోయిన చోట కూడా లిస్టు మిగిలింది. మెకంజీ రాకముందు పోయినవి? వాటి గురించి చెప్పే కాగితం లేదు. ఇక ఎప్పటికీ తెలియదు. నిధి ఆశతో తవ్వితే పోయేది ఇదే.

భట్టిప్రోలు పెట్టె మీద ఏం రాసి ఉంది?

ఇప్పుడు ఇంకో దిబ్బ దగ్గరకు వెళ్దాం. తెనాలి - రేపల్లె రైలు మార్గంలో ఉన్న భట్టిప్రోలు. ఇక్కడి స్తూపానికీ మొదట అమరావతి గతే పట్టింది. ఇటుకలు, పాలరాతి పలకలు రోడ్డు పనులకు, కాలువ పనులకు వెళ్లిపోయాయి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే పద్ధతిగా తవ్వాడు. ఏ లోతులో ఏం దొరికిందో రాసుకుంటూ కిందికి వెళ్లాడు.

స్తూపం నడుమ మూడు రాతి పెట్టెలు దొరికాయి. రెండు వేల ఏళ్లకు పైగా ఎవరూ తెరవని పెట్టెలు. మూతలు తీస్తే లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు, చిన్న అస్థిక. బరువు తూచి చూస్తే ఆ బంగారం పెద్దగా ఏమీ కాదు.

ఆ పెట్టెల అంచుల మీద, మూతల మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. అసలు సంపద అదే. తెలుగు నేల మీద దొరికిన అత్యంత పాత రాతల్లో అవి ఉన్నాయి. భట్టిప్రోలు లిపి అన్న పేరు వాటి వల్లే వచ్చింది. కుబేరకుడు అనే రాజు ఉన్నాడని తెలిసింది కూడా వాటి వల్లే. మరి ఆ అక్షరాల్లో ఏముంది? ఈ పెట్టెను, ఇందులోని స్ఫటికపు భరిణెను ఎవరెవరు చేయించారు, బుద్ధుడి ధాతువులు ఉంచడానికి చేయించారు, ఈ పనిలో ఉన్న గోష్ఠి సభ్యుల పేర్లేంటి.. ఇవే వివరాలు.

సింపుల్‌గా చెప్పాలంటే పెట్టె మీదే పంచనామా ఉంది. లోపల ఏముందో, ఎందుకు పెట్టారో, ఎవరు పెట్టారో రెండు వేల ఏళ్ల కిందటి కృష్ణా తీరం వాళ్లు రాసి మరీ మూసేశారు. 1892లో తెరిచినవాడు కూడా రాసుకుని తెరిచాడు. రెండు వైపులా రాత ఉంది కాబట్టే భట్టిప్రోలు గురించి ఈ రోజు పుకార్లు లేవు, చరిత్ర ఉంది. అదే పెట్టెలు ఓ రాత్రిపూట గుప్త నిధుల ముఠాకు దొరికి ఉంటే? బంగారు పూలు కరిగిపోయేవి. రాతి పెట్టె పగిలిపోయేది. అక్షరాల సంగతి అడిగేవాడే ఉండడు.

అన్ని పెట్టెల్లోనూ బంగారమే ఉండదు

నార్వేలోని సెల్ అనే ఊళ్లో ఇలాంటిదే ఓ సీల్డ్ ప్యాకెట్ కథ ఉంది. వందేళ్ల కిందట అక్కడి మొదటి మేయర్ యోహాన్ నీగార్డ్ ఓ మూట కట్టి, దాన్ని 2012లో తెరవవచ్చని రాసి పెట్టాడు. సమయం దగ్గర పడేకొద్దీ ఊహాగానాలు ఎక్కడికో వెళ్లాయి. పోయిన వజ్రం ఉందన్నారు, దేశ రహస్యాలు ఉన్నాయన్నారు. 2012 ఆగస్టులో కెమెరాల ముందు లైవ్‌లో తెరిచారు. లోపల ఉన్నవి పాత పేపర్లు, పత్రాలు. చూసినవాళ్లలో చాలామంది ఉసూరుమన్నారు. కానీ అవి ఆ ఊరి చరిత్ర కాగితాలు.

తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిది దీనికి రివర్స్ కేసు. 2011లో సుప్రీంకోర్టు ఆదేశాలతో నేలమాళిగలు తెరిస్తే నిజంగానే అపార సంపద కనిపించింది. లక్ష కోట్లు అంటూ మీడియాలో అంచనాలు వచ్చాయి. బి నేలమాళిగ మాత్రం తెరవలేదు. దాన్ని తెరవాలా వద్దా అన్నది 2020 జులై 13 నాటి తీర్పులో సుప్రీంకోర్టు కమిటీకే వదిలేసింది. మిగతా నేలమాళిగల వస్తువులకు కోర్టు పర్యవేక్షణలో లెక్క నడిచింది కాబట్టి వాటి మీద మాట్లాడేవాళ్లు తగ్గారు. ఇప్పటికీ వీడియోలు వస్తున్నది లెక్క లేని ఆ ఒక్క గది మీదే.

పుకార్లతో నష్టం ఎవరికి?

సరదాగా మాట్లాడుకుంటే తప్పేంటి అనిపించొచ్చు. మాట్లాడుకుంటే తప్పు లేదు. కానీ ఫలానా చోట నిధి ఉందన్న మాట ఫోన్ నుంచి ఫోన్‌కు వెళ్లి ఎవడో ఒకడి చేతికి గునపం ఇస్తుంది. పల్నాడు, ప్రకాశం, నల్లమల వైపు పాత గుళ్లలో నంది విగ్రహాల కింద, ధ్వజస్తంభాల కింద తవ్వేసిన కేసులు తరచూ వార్తల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఇంకోవైపు లంకె బిందెలు దొరికాయి, తక్కువకే బంగారం ఇస్తామంటూ మోసం చేసేవాళ్లు. రైస్ పుల్లింగ్ పేరుతో రాగి పాత్రలు చూపించి లక్షలు లాగేసేవాళ్లు. మిర్చి, పత్తి అమ్మిన డబ్బులు చేతిలో ఉన్న రైతు ఇలాంటి ముఠాల కంట పడితే ఏడాది కష్టం ఒక్క పూటలో పోతుంది. ఈ మోసగాళ్లకు పెట్టుబడి ఏంటి? జనంలో అప్పటికే తిరుగుతున్న కథ. కొత్తగా వాళ్లు నమ్మించాల్సిన పని కూడా ఉండదు.

చట్టం ఏం చెబుతోంది?

పునాది తవ్వుతుంటేనో, పొలం దున్నుతుంటేనో నిజంగానే ఏదైనా దొరికితే ఏం చేయాలి? దీనికి 1878 నుంచే ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఉంది. ముఖ్యమైన పాయింట్లు ఇవీ..

* భూమిలో దాచి ఉంచిన వస్తువు దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్న వివరాలు ఇవ్వాలి.
* కలెక్టర్ ప్రకటన ఇచ్చి, హక్కుదారులు ఎవరైనా ఉంటే పిలిచి విచారిస్తారు.
* యజమాని ఎవరూ లేరని తేలితే దొరికినవాళ్లకు, స్థలం యజమానికి చట్టంలోనే వాటా ఉంది. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడొంతులు దొరికినవాళ్లది, ఒక వంతు స్థలం యజమానిది.
* ప్రభుత్వం దాన్ని తీసుకోవాలనుకుంటే విలువ కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి చెల్లించాలి.
* చెప్పకుండా దాచేస్తే వాటా పోతుంది. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అంటే చెబితే అంతా పోతుందన్న భయం పూర్తిగా నిజం కాదు. దాచినప్పుడే అంతా పోయేది. వందేళ్లు దాటిన విగ్రహాలు, నాణేల లాంటి వాటికి 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. లైసెన్స్ లేకుండా వాటి వ్యాపారం చేయడం, దేశం దాటించడం నేరం.

ఇంకో విషయం. ఈ నెల 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోని 105వ సెక్షన్ ప్రకారం పోలీసులు సోదా చేసినా, ఏదైనా స్వాధీనం చేసుకున్నా ఆడియో, వీడియో రికార్డు చేయాలి. దొరికిన వస్తువుల లిస్టు రాయడం, దాని మీద సాక్షులు సంతకం పెట్టడం కూడా ఆ వీడియోలో ఉండాలి. గత నెల 4న ఓట్ల లెక్కింపు రోజు ఏపీ అంతా ఇలాంటిదే చూసింది. ఈవీఎంల స్ట్రాంగ్ రూమ్ సీల్ తీసేటప్పుడు ఏజెంట్లు ఉన్నారు, కెమెరా ఉంది, రికార్డు ఉంది. ఓట్ల పెట్టెకు ఉన్న పద్ధతి దేవుడి నగల పెట్టెకు, పురాతన పెట్టెకు ఎందుకు ఉండకూడదు?

ఇక చూడాల్సింది ఏంటంటే..

పూరీ విషయంలో వచ్చే రోజుల్లో రకరకాల వీడియోలు వస్తాయి. నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు చాలు. తెరిచినప్పుడు బయటి సాక్షులు ఎవరున్నారు? వీడియో తీశారా? వస్తువులను పాత లిస్టుతో సరిచూశారా? కొత్త లిస్టును భక్తుల ముందు పెట్టారా? నాలుగో ప్రశ్నకు జవాబు రానంత వరకు పని పూర్తయినట్లు కాదు.

ఇక మంగళగిరి సొరంగం. ఉందని నమ్మేవాళ్ల నమ్మకానికి ఇబ్బంది లేదు, లేదనేవాళ్ల వాదనకూ ఇబ్బంది లేదు. నిజం తేల్చాలనుకుంటే కొండకు గీత కూడా పడకుండా పురావస్తు శాఖ పరిశీలించే మార్గాలున్నాయి. తేల్చిన రోజున ఆ రిపోర్టు అందరికీ అందుబాటులో పెట్టాలి. అప్పటిదాకా ఎవరూ సొంతంగా గునపం పట్టకపోతే చాలు. ఈ ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో అమరావతి ఉంది. లిస్టు రాయకుండా తవ్వితే ఏం పోతుందో చూడాలంటే అక్కడ మిగిలిన ఆ చదును దిబ్బ చుట్టూ ఒక్కసారి నడిచి వస్తే సరిపోతుంది.